కొయ్యబొమ్మకు ప్రాణం పోసిన కొల్లోడి

ప్రపంచ బాలసాహిత్యంలో చిరస్థానం సంపాదించుకొన్న కొయ్యబొమ్మ పినోకియో. ఆ బొమ్మను సృష్టించిన రచయిత అసలు పేరు కార్లో లొరెంజీని. ఆయన 1826 నవంబర్ 24న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించారు. తండ్రి డొమెనికో ఒక ప్రభువుల ఇంట వంటవాడు. పదిమంది సంతానంలో కార్లో పెద్దవాడు. తోబుట్టువులలో పలువురు పసితనంలోనే కన్నుమూశారు. పేదరికాన్నీ, మృత్యువునూ ఆయన బాల్యంలోనే దగ్గరగా చూశారు. తల్లివైపు బంధువులు ఉన్న కొల్లోడి గ్రామంలో కొంతకాలం గడిపారు. అనంతరకాలంలో ఆ ఊరి పేరే ఆయన కలంపేరయింది.

తండ్రి యజమానుల సహాయంతో కార్లో క్రైస్తవ గురువులను తీర్చిదిద్దే విద్యాలయంలో చేరారు. కాని మతగురువు కాలేదు. ఫ్లోరెన్స్‌లో చదువు కొనసాగించి, ఒక పుస్తకాల దుకాణంలో ఉద్యోగం చేశారు. ఆనాటి ఇటలీ అనేక రాజ్యాలుగా చీలి, ఉత్తరాన ఆస్ట్రియా ఆధిపత్యం కింద ఉండేది. 1848లో స్వాతంత్ర్య సమరం ఆరంభం కాగా ఆయన స్వచ్ఛందంగా యుద్ధానికి వెళ్ళారు. తిరిగివచ్చి ‘ఇల్ లాంపియోనె’ అనే వ్యంగ్య పత్రికను స్థాపించారు. మరుసటి ఏడాదే పాలకులు దాని గొంతు నొక్కారు. 1859లో ఆయన మళ్ళీ సైన్యంలో చేరారు. 1860లో ఆ పత్రికను పునరుద్ధరించారు.

1875లో ఫ్రెంచి అద్భుతకథలను అనువదించడంతో ఆయన దృష్టి పిల్లలవైపు మళ్ళింది. 1881 జూలైలో ఒక బాలల పత్రికలో పినోకియో కథ ధారావాహికగా మొదలయింది. జెప్పెట్టో అనే నిరుపేద చెక్కిన బొమ్మ అది. దానికి అక్షరాల పుస్తకం కొనడానికి ఆ వృద్ధుడు చలికాలంలో ఒంటిమీది కోటు అమ్ముకొన్నాడు. బొమ్మ మాత్రం ఆ పుస్తకాన్ని అమ్మి ఆటబొమ్మల ప్రదర్శనకు పోయింది. చివరకు మోసగాళ్ళ చేతికి చిక్కి చెట్టుకు ఉరితీయబడింది. పదిహేనవ అధ్యాయంలో, ఆ మరణంతోనే రచయిత కథ ముగించారు.

బాలపాఠకులు ఊరుకోలేదు. తమ నేస్తం బ్రతకాలని కోరారు. 1882 ఫిబ్రవరిలో కథ మళ్ళీ మొదలయింది. దేవకన్య బొమ్మను కాపాడింది. అయినా వెంటనే మనిషిని చేయలేదు. రోగియైన తండ్రికి గ్లాసెడు పాలకోసం తెల్లవారకముందే లేచి నీళ్ళు తోడిన తరువాతనే పినోకియో నిజమైన బాలుడయ్యాడు. తప్పటడుగు వేసిన బిడ్డకు శిక్షే తుది తీర్పు కారాదనీ, శ్రమ, ప్రేమ అతణ్ణి నిలబెట్టగలవనీ ఆ కథ చాటింది.

1883లో గ్రంథరూపం దాల్చిన ఆ కథ అనేక భాషలలోకి వెళ్ళింది. 1890 అక్టోబర్ 26న కొల్లోడి ఫ్లోరెన్స్‌లో మరణించారు. తన బొమ్మ పొందిన విశ్వఖ్యాతిని ఆయన చూడలేదు. 2022లో మెక్సికో దర్శకుడు గిల్లెర్మో డెల్ టోరో ఆ కథను ముసోలినీ నాటి యుద్ధకాలపు ఇటలీలో జరిగినట్లు చలనచిత్రంగా మలిచారు. రెండు యుద్ధాలకు వెళ్ళిన రచయిత మానసపుత్రుడు మరో యుద్ధపు చీకటిలోనూ బాల్యం పక్షాన నిలిచాడు.