జోసెఫ్ ఎఫ్. స్మిత్

జోసెఫ్ ఫీల్డింగ్ స్మిత్ (నవంబర్ 13, 1838 - నవంబర్ 19, 1918) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన మత నాయకుడు. సామాన్యముగా మోర్మన్ సంఘమని పిలువబడే యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘమునకు ఇతడు ఆరవ అధ్యక్షుడు. ఆ సంఘమును స్థాపించిన జోసెఫ్ స్మిత్ ఇతనికి స్వయానా పినతండ్రి. ఇతని కుమారునికి కూడా ఇదే పేరు ఉండుటచేత, అతడు కూడా తరువాతి కాలములో అదే సంఘమునకు అధ్యక్షుడగుటచేత, తండ్రిని జోసెఫ్ ఎఫ్. స్మిత్ అని వ్యవహరించుట వాడుక. పదిహేనేళ్ళ వయసులో మత ప్రచారకునిగా హవాయి దీవులకు పంపబడి, అక్కడ మూడు సంవత్సరాలు గడపడము అతని జీవితములో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టము.

బాల్యము

జోసెఫ్ మిస్సోరి రాష్ట్రములోని ఫార్ వెస్ట్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి హైరమ్ స్మిత్, సంఘ స్థాపకునికి అన్న. తల్లి మేరీ ఫీల్డింగ్ ఇంగ్లండులో పుట్టి పెరిగిన స్త్రీ. 1838 అక్టోబరులో మిస్సోరి గవర్నరు లిల్‌బర్న్ బాగ్స్ మోర్మన్లను రాష్ట్రమునుండి వెళ్ళగొట్టవలెనని ఆజ్ఞ జారీ చేశాడు. జోసెఫ్ పుట్టేనాటికి తండ్రి నిర్బంధములో ఉన్నాడు. ఆ రోజులలోనే ఇంటిమీద పడినవారు సామాను చిందరవందర చేస్తూ ఒక పరుపును పసివాని మీద పడవేశారనీ, ఊపిరాడక పోబోతున్న బిడ్డను ఇంటివారు చూసి బయటకు తీశారనీ కుటుంబములో చెప్పుకొనేవారు.

1844 జూన్ 27న ఇల్లినాయి రాష్ట్రములోని కార్తేజ్ జైలులో హైరమ్, అతని తమ్ముడు జోసెఫ్ స్మిత్ ఇద్దరూ సాయుధ మూక చేతిలో హతులయ్యారు. అప్పటికి బాలునికి అయిదేళ్ళు. 1848లో తల్లి తన కుటుంబముతో ఎడ్లబండ్లపై పడమటి దిక్కుగా ప్రయాణించి సాల్ట్ లేక్ లోయకు చేరింది. ఆ దారిలో తొమ్మిదేళ్ళ జోసెఫ్ పెద్దవారితో సమానముగా బండి తోలాడు. 1852 సెప్టెంబరులో తల్లి కూడా మరణించింది. పదమూడేళ్ళ జోసెఫ్‌కు, అతనికంటే చిన్నదైన చెల్లెలు మార్తా ఆన్‌కు తల్లీ తండ్రీ లేకుండా పోయారు.

చెల్లెలంటే జోసెఫ్‌కు ప్రాణము. ఒకనాడు బడిలో పంతులు తోలుపట్టీతో ఆమెను కొట్టబోగా జోసెఫ్ అడ్డుపడి పంతులుపైనే చెయ్యి చేసుకొన్నాడు. దానితో అతని చదువు ఆగిపోయింది. కొద్దికాలానికే, 1854 ఏప్రిల్‌లో జరిగిన సంఘ మహాసభలో విదేశాలకు వెళ్ళవలసిన ప్రచారకుల పేర్లలో అతని పేరు కూడా చదివారు. కోపిష్ఠి అయిన అనాథ బాలుని దారిలో పెట్టడానికి పెద్దలు ఎంచుకొన్న ఉపాయమిదని జీవితచరిత్రకారులు భావిస్తారు. ఈనాడు ఈ సంఘములో యువకులు ప్రచారమునకు వెళ్ళాలంటే 18 ఏళ్ళు నిండాలి. ఇద్దరిద్దరు జతగా, శిక్షణ పొందిన తరువాతనే వెళతారు. జోసెఫ్‌కు వయసూ లేదు, శిక్షణా లేదు.

ప్రయాణము

ఆ కాలపు ప్రచారకులకు జీతము ఉండేది కాదు. చేతిలో సొమ్ము లేకుండా బయలుదేరి, దారిలో పని చేసుకొనో, దయగలవారి ఇంట తినో గమ్యము చేరవలసినదే. 1854 మే నెలలో బయలుదేరిన బృందము దక్షిణపు దారిన కాలిఫోర్నియా చేరింది. ఓడ ఖర్చుల కోసము జోసెఫ్ అక్కడి కొండలలో ఇంటికప్పులకు వాడే చెక్కపెంకులు చేసే పనిలో కుదిరాడు. సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో వకేరో అనే ఓడ ఎక్కి, ఆ నెల 27న హోనొలులులో దిగాడు.

అప్పటి హవాయి

ఆనాడు హవాయి అమెరికాలో భాగము కాదు. శాండ్‌విచ్ దీవులని పాశ్చాత్యులు పిలిచే స్వతంత్ర రాజ్యము. జోసెఫ్ చేరిన మూడు నెలలలోపే రాజు మూడవ కమేహమేహా మరణించి నాలుగవ కమేహమేహా సింహాసనమెక్కాడు. బయటి దేశాలనుండి వచ్చిన రోగాలవలన స్థానిక ప్రజల సంఖ్య ఏటేటా తగ్గిపోతున్న కాలమది. 1853లో వచ్చిన మశూచి ఒక్కటే వేలమందిని బలిగొన్నది. 1820 నుండి అమెరికా ప్రొటెస్టెంటు ప్రచారకులు అక్కడ స్థిరపడి, హవాయి భాషకు లిపి ఏర్పరచి, బడులు నడుపుతూ వచ్చారు. కనుక దీవుల ప్రజలలో చదవను వ్రాయను వచ్చినవారు చాలామందే ఉండేవారు.

మోర్మన్ ప్రచారకులు మొదట 1850 డిసెంబరులో వచ్చారు. వారిలో జార్జ్ క్యూ. కానన్ అనే యువకుడు తెల్లవారికి బోధించడము కంటే స్థానికుల భాష నేర్వడమే మేలని నిశ్చయించుకొన్నాడు. మావి దీవిలో న్యాయాధిపతిగా ఉన్న జొనాథన్ నాపెలా సహాయముతో మోర్మన్ గ్రంథమును హవాయి భాషలోనికి అనువదించాడు. అది 1855లో శాన్ ఫ్రాన్సిస్కోలో అచ్చయింది. జోసెఫ్ వచ్చేనాటికి సంఘములో చేరిన స్థానికుల సంఖ్య నాలుగు వేల పైచిలుకు. అంటే అతడు కొత్తగా దున్నవలసిన పొలము కాదు, మొలచిన పైరును కాపాడవలసినది. ఇది నిజానికి మరింత కష్టమైన పని. ఎందుకంటే తొలి ఉత్సాహము అప్పటికే చల్లారుతూ ఉంది.

మావిలో జ్వరము, భాష

జోసెఫ్‌ను మావి దీవిలోని కులా ప్రాంతానికి పంపారు. ఇది హలెయకలా అనే పెద్ద అగ్నిపర్వతపు వాలులో ఉన్నది. అక్కడ అతడు తీవ్రమైన జ్వరముతో పడిపోయి, దాదాపు మూడు నెలలు కోలుకోలేదు. ఒక స్థానిక స్త్రీ అతనిని తన ఇంట ఉంచుకొని కన్నబిడ్డవలె సాకింది. అతడు ఆమెను జీవితాంతము అమ్మగానే తలచాడు.

ఆ ఇంటిలో ఇంగ్లీషు మాట్లాడేవారు లేరు. మంచాన పడిన బాలునికి చుట్టూ వినబడేది హవాయి భాష ఒక్కటే. భాష రావడానికి ప్రార్థనా ఫలితమే కారణమని అతడు నమ్మాడు. ఆ ఇంటి మాటల పాత్ర కూడా తక్కువది కాదని చదువరులకు తోచక మానదు. ఏమైనా వంద రోజులలో ఆ భాషలో బోధించగలిగాడని ప్రసిద్ధి. తరువాత పదేళ్ళకు సంఘ పెద్దలు దీవులకు వచ్చినపుడు అతనినే దుబాసీగా వెంటబెట్టుకొని రావడము ఆ భాషలో అతని పట్టుకు సాక్ష్యము.

దినచర్య

జోసెఫ్ పదిహేడేళ్ళు నిండకముందే మావి దీవి సంఘాలపై పెత్తనము అతనికి అప్పగించారు. తరువాత పెద్ద దీవియైన హవాయిలో హిలో, కొహాలా ప్రాంతాలు, చివరికి మొలొకాయి దీవి అతని పాలనలోనికి వచ్చాయి. పెత్తనమంటే గుర్రాలు, నౌకర్లు అనుకోరాదు. ఒక పల్లెనుండి మరొక పల్లెకు కొండదారులలో, లోయలలో నడక. దీవికి దీవికి నడుమ చిన్న తెరచాప ఓడలలో ప్రయాణము. చేరిన చోట సభ జరపడము, బాప్తిస్మమివ్వడము, రోగుల తలపై చేతులుంచి ప్రార్థించడము, తగవులు తీర్చడము. కట్టుబాటు తప్పినవారిని విచారించి వెలివేయడము కూడా ఆ కుర్రవాని పనియే. తాతల వయసువారు అతని ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకొనేవారు.

నివాసము గడ్డి కప్పిన ఇళ్ళలో. నిద్ర మొగలి జాతి ఆకులతో అల్లిన చాపలపై. ఆహారము పోయి అనే పదార్థము. మనకు చేమదుంపగా పరిచితమైన దుంపను ఉడికించి, రాతితో దంచి, నీరు కలిపి ముద్దగా చేసి, ఒకటి రెండు రోజులు పులియనిచ్చి తింటారు. వేళ్ళతో ముంచుకొని అందరూ ఒకే పాత్రనుండి తినడము ఆచారము. దానికి తోడు చేపలు, చిలగడదుంపలు. కొన్నాళ్ళు అదియు కరువే. బట్టలు తానే ఉతుక్కొని, మిగిలిన పొద్దు చదువుకో, దినచర్య వ్రాసుకోవడానికో, ఉత్తరాలకో వినియోగించేవాడు.

చెల్లెలు మార్తా ఆన్‌కు అతడు వ్రాసిన ఉత్తరాలు చాలా వరకు నిలిచి ఉన్నాయి. అన్నాచెల్లెళ్ళ ఉత్తర ప్రత్యుత్తరాలు ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు సాగాయి. తప్పులతడకగా ఉన్న స్పెల్లింగుతో, తండ్రి చేయవలసిన హితబోధ ఒక పదహారేళ్ళవాడు దూరదేశమునుండి చేయడము వాటిలో కనబడుతుంది.

1856, 57 సంవత్సరాల దినచర్య పుస్తకాలు కూడా నేడు అచ్చులో లభిస్తున్నాయి. భక్తులు వ్రాసిన జీవితచరిత్రలలోని మచ్చలేని బాలుడు వీటిలో కనబడడు. తిండిమీద విసుగు, ఒంటరితనము, ఉత్తరము రాని ఓడపై దిగులు, మాట నిలుపుకోని విశ్వాసులపై కోపము దాచకుండా వ్రాశాడు. స్థానికుల అలవాట్లను గురించి ఆ కాలపు తెల్లవారికి సహజమైన చులకన కూడా అక్కడక్కడ ఉన్నది. తనను బ్రతికించిన తల్లి కూడా ఆ ప్రజలలోనిదేనన్నది మరువకుండా ఈ పుటలు చదవవలసి ఉంటుంది.

లనాయి అగ్నిప్రమాదము

మోర్మన్లు 1854లో లనాయి దీవిలోని పాలావాయి లోయలో విశ్వాసుల కొరకు ఒక వలస గ్రామమును ఏర్పరచారు. అక్కడ ప్రచారకుల పెట్టెలు భద్రపరచిన ఇల్లు 1856లో తగులబడింది. జోసెఫ్ బట్టలు, పుస్తకాలు, అంతవరకు వ్రాసిన దినచర్య బూడిదయ్యాయి. తరువాత కొంతకాలము అతనికీ, అతని జతగానికీ కలిపి ఒక్క జత మంచి బట్టలే మిగిలాయనీ, ఒకరు వాటిని తొడుక్కొని సభకు వెళితే రెండవవారు పక్కమీద ఉండవలసి వచ్చేదనీ ఆ తరువాత చెప్పుకొనేవారు.

ఆ పేదరికపు రోజులలో వచ్చిన ఒక కలను జోసెఫ్ తన చివరి ఏట, 1918 ఏప్రిల్‌లో సభలో వివరించాడు. కలలో అతడు ఎక్కడికో ఆత్రముగా పరుగెత్తుతూ, దారిలో ఆగి స్నానము చేసి, మూటలోని శుభ్రమైన తెల్లని బట్టలు ధరించి ఒక భవనము చేరతాడు. ఆలస్యమైనదని పినతండ్రి అడుగగా, ఆలస్యమైనా శుభ్రముగా వచ్చానని బదులిస్తాడు. అక్కడ తండ్రి, తల్లి కనబడతారు. మార్చుకోవడానికి బట్టలు లేని కుర్రవానికి ఇట్టి కల వచ్చుటలో వింత లేదు. కాని తనను మనిషిని చేసినది ఆ కలయేనని అతడు అరవై ఏళ్ళ తరువాత కూడా నమ్మాడు.

తిరుగు ప్రయాణము

1857లో అమెరికా ప్రభుత్వము యూటాకు సైన్యమును పంపింది. దానితో ప్రచారకులను వెనుకకు పిలిచారు. అక్టోబరులో బయలుదేరిన జోసెఫ్ కాలిఫోర్నియా చేరేసరికి అక్కడ మోర్మన్లపై ద్వేషము మండిపోతున్నది. సెప్టెంబరులో దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్ వద్ద మోర్మన్ సైనికులు వలస బండ్లలో వెళ్ళే సుమారు 120 మందిని చంపివేయడమే దానికి ముఖ్య కారణము. దారిలో ఒక తుపాకీ మనిషి నీవు మోర్మనువా అని నిలదీయగా, జోసెఫ్ తప్పించుకొనక అవునని ధైర్యముగా చెప్పాడనీ, ఆ జవాబుకు ఆశ్చర్యపడి ఆ మనిషి చెయ్యి కలిపి వెళ్ళిపోయాడనీ ప్రసిద్ధమైన కథ. 1858 ఫిబ్రవరిలో జోసెఫ్ సాల్ట్ లేక్ చేరాడు. వెళ్ళినప్పుడు పదిహేను, వచ్చినప్పుడు పంతొమ్మిది.

తరువాతి జీవితము

1860 నుండి 1863 వరకు బ్రిటనులో ప్రచారము చేశాడు. 1864లో మళ్ళీ హవాయి వెళ్ళవలసి వచ్చింది. వాల్టర్ ముర్రే గిబ్సన్ అనే వ్యక్తి లనాయి సంఘమును చేజిక్కించుకొని, పదవులను అమ్ముతూ, విశ్వాసుల సొమ్ముతో భూములను తన పేర వ్రాయించుకొన్నాడు. అతనిని సంఘమునుండి వెలివేశారు గాని భూములు తిరిగి రాలేదు. ఆ గిబ్సనే తరువాత హవాయి రాజ్యానికి ప్రధాన మంత్రి అయ్యాడు!

జోసెఫ్ 1866లో అపొస్తలుడైనాడు. ఆనాటి మోర్మను ఆచారము ప్రకారము బహుభార్యలు కలవాడు. అతని కుటుంబము చాలా పెద్దది. మొదటి భార్య లెవీరా అతనికి విడాకులిచ్చింది. బహుభార్యాత్వమునకు వ్యతిరేకముగా వచ్చిన చట్టాలవలన అరెస్టు తప్పించుకోవడానికి 1885 నుండి 1887 వరకు ఓఆహు దీవిలోని లాయీయెలో అజ్ఞాతవాసము చేశాడు.

1901 అక్టోబరులో సంఘాధ్యక్షుడైనాడు. 1904లో సెనేటు విచారణ సంఘము ఎదుట బహుభార్యాత్వము గురించి సాక్ష్యమిచ్చి, అదే సంవత్సరము అట్టి కొత్త వివాహాలు చేసుకొనువారిని సంఘమునుండి తొలగిస్తామని ప్రకటించాడు.

హవాయితో బంధము

యూటా ఎడారిలోని స్కల్ వ్యాలీలో 1889లో హవాయి విశ్వాసుల కొరకు స్థాపించిన గ్రామానికి ఇయొసెపా అని పేరు పెట్టారు. జోసెఫ్‌కు హవాయి ఉచ్చారణ అది. సముద్రపు ఒడ్డున పెరిగిన ఆ ప్రజలు చలికీ, ఉప్పునేలకూ ఓర్చి అక్కడ వ్యవసాయము చేశారు. 1915 జూన్‌లో జోసెఫ్ లాయీయెలో దేవాలయమునకు స్థలము ప్రతిష్ఠించాడు. ఆ వార్త తెలిసిన తరువాత గ్రామస్తులలో అధికులు స్వదేశమునకు తిరిగిపోగా, 1917 నాటికి గ్రామము ఖాళీ అయింది.

అధ్యక్షునిగా జోసెఫ్ దీవులకు వెళ్ళిన ఒక సందర్భములో, హోనొలులు రేవులో పూలదండలతో స్వాగతమిచ్చే జనము నడుమ చూపు పోయిన ఒక ముసలమ్మ అతనిని ఇయొసెపా అని పిలుస్తూ వచ్చింది. కులాలో అతనిని కాపాడిన స్త్రీయే ఆమె. ఇవ్వడానికి మరేమీ లేక కొన్ని అరటిపండ్లు తెచ్చింది. అతడు జనమును విడిచి పరుగున వెళ్ళి ఆమెను కౌగలించుకొన్నాడని వెంట ఉన్న చార్లెస్ నిబ్లీ వ్రాశాడు.

మరణము

1918 జనవరిలో పెద్ద కుమారుడు హైరమ్ మరణించాడు. ఆ దుఃఖములోనే అక్టోబరు 3న మృతుల లోకమును గురించి తనకు దర్శనమైనదని జోసెఫ్ ప్రకటించాడు. సంఘము దానిని తరువాత తన పవిత్ర గ్రంథములలో చేర్చుకొన్నది. అతడు నవంబర్ 19న సాల్ట్ లేక్ నగరములో మరణించాడు. ఇన్‌ఫ్లుయెంజా ప్రబలి ఉండుటచేత బహిరంగ అంత్యక్రియలు జరుపలేదు. లాయీయె దేవాలయము మరుసటి సంవత్సరము, 1919 నవంబర్ 27న ప్రారంభమైనది.