ఊ బా ఖిన్

బర్మా దేశమున రంగూను నగరమందు, కూలిజనులు నివసించు పజుండాంగ్ పేటలో, 1899వ సంవత్సరము మార్చి 6వ తేదీన ఊ బా ఖిన్ జన్మించెను. 'ఊ' యనునది బర్మీయుల గౌరవవాచకము. మనవారు పేరునకు ముందు 'శ్రీ' చేర్చినట్లు వారు దానిని చేర్తురు. ఆ దినములలో రంగూను రేవునందు బస్తాలు మోయువారిలోను, ధాన్యపు మిల్లులలో పాటుపడువారిలోను వేలకొలది తెలుగువారుండిరి. కోరంగి రేవునుండి ఓడలెక్కి వచ్చినవారగుటచే బర్మీయులు వారిని కోరంగీలని పిలిచెడివారు.

బా ఖిన్ చదువులో చురుకైనవాడు. కాని పేదరికము పైచదువును సాగనీయలేదు. మొదట నొక బర్మీయ పత్రికలో పనిచేసి, పిదప అకౌంటెంటు జనరలు కార్యాలయమున గుమాస్తాగా చేరెను. 1926లో శాఖాపరీక్షయందు నెగ్గి పైమెట్టు లెక్కెను. ప్రభుత్వమునకు వచ్చు ప్రతి రూపాయికిని, పోవు ప్రతి రూపాయికిని లెక్క చూడవలసిన చోటది. పద్దు కుదరనిచో గుమాస్తాకు నిద్రపట్టదు. కుదిరిన పద్దులో మోసము కనబడినచో అధికారికి నిద్రపట్టదు.

1937 జనవరిలో ఆయన జీవితము మలుపు తిరిగెను. సయా తేజీ యను గురువునొద్ద ధ్యానము నేర్చిన యొకడు ఆయనను చూడవచ్చి, శ్వాసను గమనించు పద్ధతిని వివరించెను. బౌద్ధులు దానిని ఆనాపాన మందురు. బా ఖిన్ అప్పుడే కూర్చుండి ప్రయత్నింపగా మనస్సు చక్కగా నిలిచెను. పూర్తిగా నేర్చుకొనవలెనను తహతహ పుట్టెను. వారము దినములు గడచునప్పటికి సెలవునకు వ్రాసిపెట్టి బయలుదేరెను.

సయా తేజీ సన్న్యాసి కాడు, వ్యవసాయదారుడు. ఆయన గ్రామమగు ప్యాబ్వేజీ రంగూనునకు దక్షిణమున, నది కావల, ఎనిమిది మైళ్ల దూరమున నున్నది. దూరము కొద్దియే గాని త్రోవ కష్టము. బా ఖిన్ నది దాటునప్పటికి నీరు తీసియుండుటచే పడవ సగము దారిలోనే నిలిచిపోయెను. గట్టు నెక్కబోగా మోకాళ్ల వఱకు బురదలో దిగబడెను. మిగిలిన దారి వరిపొలముల కడ్డముగా నడచి, కాళ్లనిండ బురదతో గురువు వాకిట నిలిచెను. ఆ రాత్రియే ఉపదేశము లభించెను.

అచ్చట నేర్పినది మంత్రమును కాదు, తంత్రమును కాదు. కొన్ని దినములు ముక్కుపుటముల కడ వచ్చిపోవు గాలినే గమనింపవలెను. మనస్సు పరుగిడును, విసుగుకొనక దానిని మరల తెచ్చి అచ్చటనే నిలుపవలెను. అట్లు నిలిచిన మనస్సుతో పిదప శరీరమంతయు పరిశీలింపవలెను. వేడి, చలి, నొప్పి, తిమ్మిరి, ఏది తోచినను అది పుట్టుచున్నది, మాఱుచున్నది, పోవుచున్నది యని చూచుచుండవలెను, కోరగూడదు, రోయగూడదు. కోపము వచ్చువానికి ముందుగా ఊపిరి వడి హెచ్చును, ఒడలు వేడెక్కును. దానిని గుర్తించినవానికి, నోరు జారకముందు ఒక క్షణము చేతికి చిక్కును. ఆ యొక్క క్షణమే కార్యాలయములలో ఎన్ని కలహములను ఆపగలదో ఊహింపవచ్చును.

పది దినములైన పిదప బా ఖిన్ కార్యాలయమునకు రాగా బల్లపై నొక కవరు కనబడెను. హఠాత్తుగా వెళ్లినందులకు ఉద్యోగము పోయినదేమో యని శంకించుచు విప్పెను. అందున్నది పదోన్నతి యుత్తరువు! బర్మా ఆ యేడు హిందూదేశమునుండి విడిపోవుచుండగా, కొత్తగా నేర్పడు కార్యాలయమునకు ఆయనను ప్రత్యేక సూపరింటెండెంటుగా నియమించిరి.

1941లో రైల్వే లెక్కల అధికారిగా తిరుగుచు ఆయన క్యౌక్‌సే స్టేషనునకు వెళ్లి, సమీపమున కొండపై నున్న వెబూ సయాడో యను భిక్షువును దర్శించెను. ఇతరులకును నేర్పుమని ఆ పెద్ద ప్రోత్సహించెను. ఆ స్టేషనులోని సహాయ మాస్టరే బా ఖిన్‌కు తొలి శిష్యుడయ్యెను.

బర్మా స్వతంత్రమైన 1948 జనవరి 4వ తేదీన ఆయన ఆ దేశపు ప్రథమ అకౌంటెంటు జనరలయ్యెను. ధ్యానము చేయువాడు సంసారమును, ఉద్యోగమును విడువవలెనని తలచువారు మన దేశమున నెందఱో కలరు. బా ఖిన్ అట్లు తలపలేదు. 1950లో తన కార్యాలయపు ఉద్యోగుల కొఱకే విపశ్యన సంఘమును స్థాపించెను. 1952లో నగరపు టుత్తరభాగమున ధ్యానకేంద్రము వెలసెను. ఉదయము కేంద్రము, పగలు కచేరి, సాయంకాలము మరల కేంద్రము: ఇదియే ఆయన దినచర్య. ఒకప్పుడు నాలుగు శాఖల పెత్తనము ఏకకాలమున వహించెను.

ఆయన ఓర్పునకు గట్టి పరీక్ష 1956 ప్రాంతమున వచ్చెను. ప్రభుత్వ వ్యవసాయ విక్రయసంస్థలో లంచగొండితనము ప్రబలియుండెను. విచారణ సంఘమున నుండి బా ఖిన్ నిర్మొగమాటముగా నివేదిక వ్రాసెను. ప్రధాని ఊ నూ ఆయననే దాని యధ్యక్షునిగా నియమించెను. లంచముల రుచి మరగినవారికిది కంటగింపై, అధికారులు సమ్మె కట్టిరి. బా ఖిన్ కొద్దిమంది గుమాస్తాలతోనే పని నడపెను, బ్రతిమాలలేదు, బెదరలేదు. ఆఱు మాసములు గడచునప్పటికి సమ్మెదారులే బేషరతుగా మరలివచ్చిరి. శాంతి యనగా మెత్తదనమని తలచినవారికి ఈ సంగతి వింతగా తోచును.

1955లో మండలే కుటుంబమునకు చెందిన గోయంకా యను హిందూ వర్తకుడు ఆయన కడకు వచ్చెను. వ్యాపారభారముతో సతమతమగుచుండిన ఆ యువకునికి భయంకరమగు పార్శ్వపు నొప్పి. వైద్యులు మార్ఫియా సూదులు వేసెడివారు. దేహరోగమును మాన్పుటకు ఇది మందు కాదని బా ఖిన్ మొదట నిరాకరించెను. మనశ్శుద్ధికై వచ్చినచో రమ్మని పిదప సమ్మతించెను. గోయంకా పది దినములు కూర్చుండెను. నొప్పి పోయెను, కాని ఆయన పదునాలుగేండ్లు గురువును వీడలేదు.

బుద్ధుడు పుట్టిన నేలకు ఆ విద్యను మరల చేర్చవలెనని బా ఖిన్ కోరిక. 1967లో ఉద్యోగవిరమణ జరిగినను ఆయన స్వయముగా రాజాలకపోయెను. తనకు బదులుగా 1969లో గోయంకాను పంపెను. ఆ యేడు జూలైలో బొంబాయియందు మొదటి శిక్షణ జరిగెను. 1971 జనవరి 19వ తేదీన బా ఖిన్ రంగూనులో మరణించెను. ఐదేండ్లకు, 1976లో, హైదరాబాదు సమీపమున నాగార్జునసాగరు పోవు మార్గమందు, గోయంకా చేతులమీదుగా విపశ్యన కేంద్రము ప్రారంభమయ్యెను.