సూపర్‌మాన్ చిత్రకారుడు జో షూస్టర్

కెనడా దేశమున టొరంటో నగరములో ఒక పేద దర్జీ యింట ఆదివారము పండుగవలె నుండెడిది. ఆనాటి వార్తాపత్రికతో పాటు రంగుల బొమ్మల కథలు అచ్చయిన పుటలు ప్రత్యేకముగా వచ్చెడివి. ఇంకను చదువురాని కుమారుని చెంత కూర్చుండబెట్టుకొని తండ్రి ఆ కథలను వరుసగా చదివి వినిపించెడివాడు. బాలుడు మాటలు వినుచునే చూపును బొమ్మలనుండి మరల్చెడివాడు కాడు. విన్సర్ మెకే అను చిత్రకారుడు గీసిన నీమో అను బాలుని కథ యనిన అతనికి ప్రాణము. ప్రతి రాత్రియు కలలో వింతలోకములకు పోయి, కథ ముగియుసరికి మంచము దగ్గర మేలుకొను బాలుడు నీమో. ఆ బొమ్మలను చూచినది మొదలు, తానును అట్టివి గీయవలెనను కోరిక ఆ దర్జీ కుమారుని విడువలేదు. అతని పేరు జోసెఫ్ షూస్టర్. అందరును జో అని పిలిచెడివారు.

జో 1914వ సంవత్సరము జులై 10వ తేదీన జన్మించెను. తండ్రి జూలియస్ హాలెండులోని రాటర్‌డామ్ నుండియు, తల్లి ఐడా కీవ్ నగరమునుండియు వలస వచ్చిన యూదులు. కుట్టుపనిపై వచ్చు ఆదాయము ఇల్లు గడుపుటకు చాలకుండెను. అందుచేత జో తొమ్మిదేండ్ల ప్రాయముననే వీధులలో తిరిగి టొరంటో డైలీ స్టార్ అను పత్రికను అమ్మెను. ఆ పత్రిక పేరు అతని మనస్సులో నిలిచిపోయెను. తరువాత సూపర్‌మాన్ కథలలో కథానాయకుడు పనిచేయు పత్రికకు మొదట డైలీ స్టార్ అను పేరే యుండెను. అది డైలీ ప్లానెట్‌గా మారినది 1940వ సంవత్సరమున.

1924వ సంవత్సరమున షూస్టర్ కుటుంబము అమెరికాలో ఒహాయో రాష్ట్రమునందలి క్లీవ్‌లాండ్ నగరమునకు తరలిపోయెను. అక్కడను లేమి వారిని వెన్నాడెను. కుమారుడు కోరినంత కాగితము కొని యిచ్చుట తలిదండ్రుల శక్తికి మించిన పని. జో అంగడుల వెంట తిరిగి పారవేసిన కాగితములను ఏరి తెచ్చుకొనెడివాడు. మాంసపు అంగడిలో పొట్లములు కట్టు మందపు కాగితమైనను అతనికి పనికివచ్చెను. ఒకనాడు గోడలకంటించు రంగుకాగితపు చుట్టలు కొన్ని దొరకెను. వాని ఒకవైపు అచ్చువేసిన రంగులున్నను రెండవవైపు తెల్లగా నుండెను. అంత కాగితము ఒక్కసారిగా చేతికి వచ్చుటతో అతని సంతోషమునకు మేర లేకపోయెను. బొమ్మలు గీయుటకు బల్ల లేదు. తల్లి రొట్టెపిండి పిసుకు చెక్కపలకయే అతని బల్ల. శుక్రవారమునాడు మాత్రము సబ్బాతు రొట్టె చేయుటకై ఆమెకు ఆ పలక కావలసి వచ్చెడిది. ఆ పూట జో బొమ్మలకు సెలవు. చలికాలమున నిప్పు లేని గదిలో ఒకదానిపై నొకటిగా ఉన్ని దుస్తులు తొడిగికొని, చేతులకు తొడుగులు వేసికొని గీసిన దినములు కూడ కలవు. దీనికి తోడు అతని చూపు చిన్ననాటినుండియు మందము. కాగితమునకు కన్నులు దాదాపు తగులునట్లు వంగి గీసెడివాడు. దేహము బక్కపలుచనిది, స్వభావమున బిడియస్థుడు. బలము సంపాదింపవలెనని వ్యాయామ పత్రికలు చదివి బరువులెత్తుట అభ్యసించెను. ఆ పత్రికలలోని మల్లుల ఛాయాచిత్రములు అతనికి దేహసౌష్ఠవమును నేర్పిన పాఠములయ్యెను.

గ్లెన్‌విల్ హైస్కూలులో చదువుచుండగా అతనికి జెరోమ్ సీగెల్ అను విద్యార్థితో స్నేహము కలిగెను. సీగెల్ కూడ బిడియస్థుడే, కండ్లజోడు పెట్టుకొనువాడే, యూదుల పిల్లవాడే. అతనికి కథలు వ్రాయు పిచ్చి. ఇతనికి బొమ్మలు గీయు పిచ్చి. గ్రహాంతర యాత్రలను గురించియు, రానున్న యుగములను గురించియు ఆ కాలమున వెలువడుచుండిన చవుక కథల పత్రికలను ఇరువురును విడువక చదివెడివారు. చదివి ఊరకుండిన వారు కారు. తమ వంటి అభిమానులకొరకు తామే ఒక చిన్న పత్రికను తయారుచేసిరి. సీగెల్ కథలు వ్రాసెను. జో బొమ్మలు గీసెను. ముద్రాయంత్రము లేదు గనుక ప్రతులు తీయు చిన్న యంత్రముపై తీసి టపాలో పంపిరి. ఆ పత్రిక అయిదు సంచికలతో ఆగిపోయెను. కాని 1933వ సంవత్సరము జనవరి సంచికలో వారు ప్రచురించిన ఒక కథలో సూపర్‌మాన్ అను పేరు మొట్టమొదట కనబడును. చిత్రమేమనగా ఆ సూపర్‌మాన్ వీరుడు కాడు; ఇతరుల మనస్సులను వశపరచుకొని లోకమును ఏలజూచు బట్టతల దుర్మార్గుడు.

అంతకు కొన్ని నెలల క్రితము, 1932వ సంవత్సరము జూన్‌లో, సీగెల్ తండ్రి తన బట్టల అంగడిలో దొంగలు పడినపుడు గుండె ఆగి మరణించెను. దీనులను కాపాడు వీరుని కల్పన ఆ దుఃఖమునుండియే పుట్టినదని కొందరు తలచిరి. అది ఊహయే గాని, ఆ మరుసటి యేడు స్నేహితులిరువురును సూపర్‌మాన్‌ను మంచివానిగా మార్చి మరల ఒక బొమ్మల పుస్తకము సిద్ధము చేసిన మాట నిజము. ఒక ప్రచురణ సంస్థ మొదట ఆశపెట్టి పిమ్మట కాదనెను. ఆ నిరాశను భరింపలేక జో తాను గీసిన పుటలన్నిటిని నాశనము చేసెను. ముఖచిత్రమొకటి మాత్రము మిగిలెను. సీగెల్ మరియొక చిత్రకారునితో కొంతకాలము ప్రయత్నించెను, అదియు సాగలేదు. మరల జో యొద్దకే వచ్చెను.

ఆ పిమ్మట ఒక రాత్రి సీగెల్‌కు నిద్ర పట్టలేదని చెప్పుదురు. కథలోని సన్నివేశములు ఒకటి వెంట నొకటి తోచుచుండగా లేచి లేచి వ్రాసికొనెను. నశించుచున్న గ్రహమునుండి తలిదండ్రులు చిన్న నౌకలో ఎక్కించి పంపిన శిశువు భూమిమీద పెరిగి, మానవులకు లేని బలము కలవాడై, ఆ బలమును దాచుకొని క్లార్క్ కెంట్ అను పిరికి విలేఖరిగా బ్రతుకును. తెల్లవారగానే సీగెల్ వీధులు దాటి పరుగెత్తి జో ఇంటికి చేరెను. ఆ దినమంతయు ఇరువురును ఒకే బల్లయొద్ద గడపిరి. జో పెన్సిలు క్రింద వీరుడు రూపు దాల్చెను. సర్కసులోని మల్లుల బిగుతైన దుస్తులు, సినిమా నటుడు డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ కాళ్లు ఎడముగా నుంచి నడుముపై చేతులిడి నిలుచు తీరు అందులోనికి వచ్చెను. భుజములనుండి వ్రేలాడు ఎర్రని అంగవస్త్రము ఊరక అలంకారము కాదు. కదలని బొమ్మలో వేగమును చూపుటకు జో కనిపెట్టిన ఉపాయమది. వస్త్రము ఎగురుచుండిన వీరుడు దూకుచున్నాడని పిల్లలకు వెంటనే తెలియును. క్లార్క్ కెంట్ కండ్లజోడు మాత్రము వెదకబనిలేదు. అది చిత్రకారుని ముఖముననే యుండెను.

ఈ కథను పట్టుకొని వారు నాలుగేండ్లు పత్రికల చుట్టును తిరిగిరి. ఎవ్వరును అంగీకరింపలేదు. ఈ నడుమ 1935వ సంవత్సరమునుండి ఇతర కథలకు బొమ్మలు గీయు పని కొంత దొరకెను. తుదకు 1938వ సంవత్సరము ఆరంభమున యాక్షన్ కామిక్స్ అను క్రొత్త మాసపత్రికకు కథలు కావలసివచ్చి, సంపాదకుడు విన్ సలివన్ సూపర్‌మాన్‌ను తీసికొనుటకు ఒప్పుకొనెను. వార్తాపత్రికలో రోజు కొక వరుస చొప్పున వేయుటకు గీసిన బొమ్మలను వారు కత్తిరించి, అంటించి, పదమూడు పుటలుగా మార్చి పంపిరి. పుటకు 10 డాలర్ల చొప్పున 130 డాలర్లు వచ్చెను. ఇతర కథల కూలి కూడ కలిపి మార్చి 1వ తేదీన 412 డాలర్ల చెక్కు పంపబడెను. ఆ చెక్కుమీద ఇరువురి పేర్లును తప్పుగా వ్రాయబడెను. దానితో పాటు వచ్చిన చిన్న పత్రముపై వారు సంతకము చేసిరి. సూపర్‌మాన్‌పై గల సర్వహక్కులును ఎల్లకాలమునకు ప్రచురణకర్తలకు చెందునని దాని సారాంశము. అప్పటికి ఇరువురి వయస్సు ఇరువది మూడేండ్లు. ఏండ్లతరబడి ఎవరికిని అక్కరలేని కథను అచ్చులో చూచుకొనవలెనను ఆత్రముతో నున్నవారికి ఆ పత్రము పెద్దదిగా తోచలేదు. ఆ కాలమున అందరును అట్లే సంతకము చేసెడివారు.

10 సెంట్ల వెలగల ఆ మొదటి సంచిక ముఖచిత్రముపై నీలపు దుస్తుల వీరుడు ఆకుపచ్చని మోటారుకారును తలపైకెత్తి బండకు మోదుచుండును. మనుష్యులు నలువైపులకు పారిపోవుచుందురు. ఆ బొమ్మను చూచి ప్రచురణకర్త ఇది ఎవరు నమ్ముదురని సంశయించెనట. పిల్లలు సంశయింపలేదు. కొన్ని నెలలకే వారు అంగడులలో పత్రిక పేరు చెప్పక, సూపర్‌మాన్ ఉన్న పుస్తకము కావలెనని అడుగసాగిరి. 1939లో దినపత్రికలలోను, 1940లో రేడియోలోను, 1941లో కదలు బొమ్మల చలనచిత్రములలోను సూపర్‌మాన్ ప్రవేశించెను. అతని వెనుక 1939లో బాట్‌మాన్, 1941లో కాప్టెన్ అమెరికా మొదలగు వీరులు బారులు తీరి వచ్చిరి.

ఆ దినములలో జోకు మంచి ఆదాయమే వచ్చెనని చెప్పుట న్యాయము. అతడు క్లీవ్‌లాండ్‌లో చిత్రశాల నెలకొల్పి, సహాయకులను పెట్టుకొని, కుటుంబమును పోషించెను. కాని పని పెరిగినకొలది చూపు తరిగెను. క్రమముగా సహాయకులే దేహములను, భవనములను గీయుచుండిరి. సూపర్‌మాన్ ముఖమును మాత్రము అతడు తన చేతితోనే దిద్దెడివాడు. సీగెల్ సైన్యమునకు పోయినపుడు జో చూపు కారణముననే ఇంట నిలిచిపోయెను.

తాము సృష్టించిన వీరునివలన ఇతరులు గడించుచున్న ధనముతో తమ పాలు పోల్చి చూచుకొని స్నేహితులు 1947లో న్యాయస్థానమునకు ఎక్కిరి. సంతకము సంతకమే యని తీర్పు వచ్చెను. 1948లో దాదాపు 94,000 డాలర్లకు రాజీ కుదిరెను. అందులో పెద్ద భాగము ఖర్చులకే పోయెను. ఉద్యోగము పోయెను. ధనముకంటె ఎక్కువగా బాధించిన విషయము వేరొకటి. అదివరకు ప్రతి కథపైనను ఉండిన వారి పేర్లు తొలగింపబడెను. ఫన్నీమాన్ అను హాస్యవీరుని కథను ఇరువురును కలసి ప్రారంభించిరి గాని అది కొలది నెలలలోనే ఆగిపోయెను. క్రమముగా జో చిత్రలేఖనమునకే దూరమయ్యెను. న్యూయార్క్ నగరమున ఒక చిన్న యింట సోదరుని ఆశ్రయమున ఉండెను. టెలివిజనులో సూపర్‌మాన్ ఎగురుచుండగా అతనిని మొదట గీసినవాని పేరు చూచువారికి తెలియకుండెను.

1975వ సంవత్సరమున సూపర్‌మాన్‌పై గొప్ప చలనచిత్రము తీయబోవుచున్నారను వార్త వచ్చెను. సీగెల్ తమ కష్టమును వివరించుచు పత్రికలకు దీర్ఘమైన లేఖలు పంపెను. ఆ లేఖలు వృథాగా పోలేదు. 1938లో పదేండ్ల వయస్సున ఆ పుస్తకమును కొన్న బాలుడు అప్పటికి నలుబది యేడేండ్ల వాడు. ఆ బొమ్మలతో పెరిగినవారు పత్రికాలయములలో, టెలివిజనులో, చిత్రశాలలలో పనిచేయుచుండిరి. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ అను చిత్రకారులు ఈ పనిని తమ పనిగా తలకెత్తుకొనిరి. ఒకరు చిత్రకారుల సంఘములను కదలించిరి. మరియొకరు సంస్థ అధికారులతో వాదించిరి. కన్నులు దాదాపు కనబడని వృద్ధచిత్రకారుడు విలేఖరుల ఎదుట సీగెల్ ప్రక్కన నిలిచెను. డిసెంబరు నెలలో వార్నర్ సంస్థ ఇరువురికిని చెరి 20,000 డాలర్ల వార్షిక భరణ మిచ్చుటకు అంగీకరించెను. భరణముతో సరిపుచ్చుటకు రాబిన్సన్ ఒప్పుకొనలేదు. పేర్లు కూడ తిరిగి రావలెనని పట్టుపట్టెను. చట్టప్రకారము ఆ సంస్థ బద్ధము కాదు. అయినను అట్లే జరిగెను. 1978లో చలనచిత్రము విడుదలయినపుడు సూపర్‌మాన్ సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షూస్టర్ అని తెరపై కనబడెను.

జో కడపటి యేండ్లు కాలిఫోర్నియాలో గడచెను. 1992వ సంవత్సరము జులై 30వ తేదీన లాస్ ఏంజిలిస్ నగరమున తన డెబ్బది యెనిమిదవ యేట మరణించెను. కెనడాలోని బొమ్మల కథల కళాకారులకు అతని పేర పురస్కారములిచ్చుట 2005లో ప్రారంభమయ్యెను. 10 సెంట్లకు అమ్మిన ఆ మొదటి సంచిక ప్రతి యొకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను.

క్లీవ్‌లాండ్‌లో షూస్టర్ కుటుంబము నివసించిన కట్టడము ఇప్పుడు లేదు. ఆ స్థలముచుట్టు నున్న కంచెకు తొలి సూపర్‌మాన్ కథలోని పుటలను పెద్దవిగా చేసి లోహపు పలకలపై అమర్చియున్నారు. దారిన పోవువారు కంచె వెంట నడచుచు, బొమ్మ తరువాత బొమ్మగా ఆ కథను చదువుకొనవచ్చును.