యావదాస్తి సమాజానికే..! కందుకూరి ముందుచూపు

సంతానం లేని గృహస్థు ఆస్తి ఎవరికి చెందాలి? నూరేళ్ల క్రితం ఈ ప్రశ్నకు లోకం చూపిన మార్గం దత్తత. అది లేనిపక్షంలో విభక్తుని ఆస్తి భార్యకు జీవితకాలానుభవంగా, ఆమె తదనంతరం జ్ఞాతులకు సంక్రమించేది. యుగపురుషుడు కందుకూరి వీరేశలింగం పంతులు ఈ రెండింటినీ కాదని, స్వార్జితమైన యావదాస్తిని జీవించి ఉండగానే ధర్మసంస్థకు ధారాదత్తం చేశారు.

1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు వీరేశలింగం జన్మించారు. నాలుగో ఏటనే తండ్రిని కోల్పోయి, పెదతండ్రి వెంకటరత్నం సంరక్షణలో పెరిగారు. ఉపాధ్యాయ వృత్తి, గ్రంథ రచన, ముద్రణాలయం ఆయన ఆదాయ మార్గాలు. 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించి, అదే ఏడు ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను నెలకొల్పారు.

1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించడంతో బంధువులు వెలివేశారు. ఇంట వంటకూ, నీటికీ మనుషులు కరవయ్యారు. ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నీరు మోసి, వంట చేసి ఆ ఉద్యమాన్ని నిలబెట్టారు. 1890లో పంతులు సొంత సొమ్ము వెచ్చించి పురమందిరాన్ని నిర్మించారు.

వయసు మీద పడుతున్న కొద్దీ ఆ దంపతుల ముందు ఒక సమస్య నిలిచింది. తాము లేని నాడు వితంతువులకు నీడ ఏది? బాలికల చదువుకు దిక్కెవరు? సంస్కరణను హర్షించని వారి చేతికి ఆస్తి చేరితే జీవితకాల కృషి నీరుగారిపోయే ప్రమాదం ఉంది. అందుకే 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి, తన సర్వస్వాన్నీ దానికి అప్పగించారు. అప్పటికి ఆయన వయసు 58 ఏళ్లు.

ఈ నిర్ణయంలోని వివేకం గమనార్హం. వీలునామా రాసినవారి మరణానంతరమే అమలులోకి వస్తుంది. దానిపై వివాదం తలెత్తితే సమాధానం చెప్పేందుకు రాసినవారు ఉండరు. వ్యవహారాలు చూసేందుకు మరొకరికి ఇచ్చే సాధారణ అధికారపత్రం, ఇచ్చినవారి మరణంతోనే చెల్లకుండా పోతుంది. జీవించి ఉండగా సంస్థకు అప్పగించిన ఆస్తి మాత్రం ఆనాటి నుంచే ఆశయానికి ఉపయోగపడుతుంది. లోటుపాట్లుంటే దాత కళ్లెదుటే సరిదిద్దుకోవచ్చు.

1910లో రాజ్యలక్ష్మమ్మ కన్నుమూశారు. 1919 మే 27న మద్రాసులో, కొమర్రాజు లక్ష్మణరావు గృహంలో పంతులు తుదిశ్వాస విడిచారు. సమాజానికి ఆస్తి అప్పగించిన తరువాత దాదాపు 13 ఏళ్లు ఆయన జీవించారు.

హితకారిణీ సమాజం అనంతర కాలంలో దేవాదాయ, ధర్మాదాయ శాఖ పర్యవేక్షణలోకి వచ్చింది. పంతులు పేరిట ఉన్నత పాఠశాల, కళాశాల, రాజ్యలక్ష్మమ్మ పేరిట మహిళా కళాశాల నగరంలో వెలిశాయి. కన్నబిడ్డలు లేని ఆ దంపతుల పేర్లను తరతరాల విద్యార్థులు తమ ధ్రువపత్రాలపై మోశారు. ఆస్తి ఎంత కూడబెట్టామన్నదే కాదు, అది ఎవరికి, ఎప్పుడు, ఏ కట్టుబాటుతో చేరాలో స్పష్టంగా నిర్ణయించడమూ బాధ్యతేనని కందుకూరి జీవితం చాటుతోంది.