రంగం నేర్పిన ప్రేమకథలు – శరత్ బాబు జీవితం

దేవదాసు అన్న పేరు తెలుగువారి ఇళ్ళలో సామెతగా మారిపోయి ఎన్నో ఏళ్ళయింది. ప్రేమలో ఓడిపోయి గడ్డం పెంచుకున్న కుర్రవాణ్ణి చూస్తే వీడొక దేవదాసు అంటాము. 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వంలో వచ్చిన చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావుగారు, సావిత్రిగారు ఆ కథకు ప్రాణం పోశారు. మలేసియా గడ్డమీద పుట్టి పెరిగి, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివే మన పిల్లల చెవులకు కూడా ఆ పాటలు కొత్తవి కావు. కాని ఆ కథ రాసినవాడు తెలుగువాడు కాడనీ, వంగదేశీయుడనీ, మన తాతముత్తాతల వలెనే పొట్ట చేతబట్టుకుని సముద్రం దాటి, పరాయిదేశంలో పదమూడేళ్ళు గుమాస్తా కొలువు చేశాడనీ మనలో అందరికీ తెలియదు. శరత్‌చంద్ర చటోపాధ్యాయ జీవితాన్ని ఈ సంచికలో మన కుటుంబాలకు పరిచయం చేయాలని మేము సంకల్పించింది అందుకే.

శరత్ బాబు 1876 సెప్టెంబరు 15న హుగ్లీ జిల్లా దేవానందపురంలో జన్మించాడు. తండ్రి మోతీలాల్, తల్లి భువనమోహిని. తండ్రి చదువుకున్నవాడే గాని ఏ ఉద్యోగంలోనూ నిలకడ లేనివాడు. కథలు, నవలలు, నాటకాలు మొదలుపెట్టేవాడు, ఒక్కటీ పూర్తి చేసేవాడు కాదు. సగంలో ఆగిపోయిన ఆ కాగితాలు చదివి, ఆ కథలు ఎలా ముగిసి ఉండేవో అని ఆలోచిస్తూ ఆ కుర్రవాడు రాత్రులు నిద్ర మానుకునేవాడట. తండ్రి ఇచ్చిన ఆస్తి అదొక్కటే. పిత్రార్జితంగా ఇల్లు రాలేదు, పొలం రాలేదు, ముగింపు లేని కథలు మాత్రం వచ్చాయి.

ఇల్లు గడవక కుటుంబం బీహారులోని భాగల్పూరులో మేనమామల ఇంట తలదాచుకుంది. శరత్ బాల్యంలో ఎక్కువ భాగం అక్కడే, గంగ ఒడ్డున గడిచింది. అక్కడ రాజు అనే సాహసి స్నేహితుడు దొరికాడు. భయమంటే ఎరుగని ఆ కుర్రవాడే తర్వాత శ్రీకాంత్ నవలలో ఇంద్రనాథుడై కోట్లమంది పాఠకులను చీకటి రాత్రులలో పడవ ఎక్కించాడు. 1894లో శరత్ ఎంట్రెన్సు ప్యాసై కాలేజీలో చేరాడు. కాని పరీక్ష ఫీజు కట్టే స్తోమతు లేక చదువు అక్కడితో ఆగిపోయింది. 1895లో తల్లి కన్నుమూసింది.

ఆ కష్టాల నడుమనే మేనమామలతోనూ స్నేహితులతోనూ కలిసి సాహిత్య గోష్ఠి ఒకటి నడిపాడు. చేతితో రాసిన పత్రిక ఒకటి చేతులు మారుతూ ఉండేది. ఆ గోష్ఠిలో చిన్నతనంలోనే వైధవ్యం పొందిన నిరుపమాదేవి కూడా ఉండేది. పరదా చాటునుండే తన రచనలు పంపేది. తర్వాతి రోజులలో ఆమె వంగ సాహిత్యంలో పేరుగల నవలారచయిత్రి అయింది. తెలివి, ఆశ, హృదయం అన్నీ ఉండీ నాలుగు గోడల మధ్య జీవితం వెళ్ళదీసే వితంతువు శరత్ నవలలలో మళ్ళీ మళ్ళీ ఎందుకు కనిపిస్తుందో తెలుసుకోవాలంటే ఈ భాగల్పూరు రోజులనే చూడాలి. దేవదాసు కూడా ఆ రోజులలో, ఇంచుమించు పాతికేళ్ళ వయసులో రాసినదే.

తండ్రి కూడా పోయాక, తమ్ముళ్ళనూ చెల్లెలినీ బంధువుల ఇళ్ళలో ఒప్పగించి, 1903 జనవరిలో శరత్ బాబు రంగూన్ ఓడ ఎక్కాడు. మన పెద్దలు ఆ ఊరిని రంగం అనేవారు. అతడు రంగం పోయాడు అంటే ఆ రోజులలో మన పల్లెటూళ్ళలో అర్థం ఒక్కటే, బ్రతుకుతెరువు కోసం సముద్రం దాటాడని. బయలుదేరే ముందు శరత్ ఒక కథల పోటీకి మందిర్ అనే కథను పంపాడు, అదీ తన పేరుతో కాదు, మేనమామ సురేంద్రనాథుని పేరుతో. దానికి మొదటి బహుమతి వచ్చింది. అయినా ఓడ మీద వెళుతున్నవాడు రచయిత అని తోటి ప్రయాణికులెవరికీ తెలియదు.

ఆనాటి ఓడ ప్రయాణం ఎలా ఉండేదో శ్రీకాంత్ రెండవ భాగంలో కళ్ళకు కట్టినట్లు రాశాడు. ప్లేగు భయంతో ఎక్కేముందు డాక్టరు పరీక్షలు, పశువుల మాదిరిగా డెక్కు మీద కిక్కిరిసిన కూలి జనం, నడిసముద్రంలో తుఫాను, దిగేముందు క్వారంటైను. కాకినాడ నుండి, విశాఖపట్నం నుండి వేలాదిగా రంగం వెళ్ళిన తెలుగు కూలీలు పడిన పాట్లు ఇవే. కోరంగి రేవు పేరు మీద వారిని అక్కడ కోరంగీలు అని పిలిచేవారు. మన పూర్వీకులు పినాంగు రేవులో దిగి పేరాక్, సెలంగూరు తోటలకు చేరుకున్న దారి కూడా ఇటువంటిదే. ఒకే బంగాళాఖాతం, ఒకే డెక్కు, ఒకే భయం.

రంగంలో ఆశ్రయమిచ్చిన బంధువు కొంతకాలానికే చనిపోయాడు. శరత్ మొదట రైల్వే ఆడిట్ ఆఫీసులోనూ, 1906 నుండి పబ్లిక్ వర్క్స్ అకౌంట్స్ ఆఫీసులోనూ గుమాస్తాగా పనిచేశాడు. దొరల చుట్టూ, పెద్దమనుషుల చుట్టూ తిరిగే బంగాళీ బాబుల మధ్య ఆయనకు పొసగలేదు. కార్ఖానాలలో పనిచేసే మేస్త్రీలు, కూలీలు ఉండే పేటలో కాపురం పెట్టాడు. అక్షరం రానివారికి ఉత్తరాలు రాసిపెట్టేవాడు. జబ్బు పడితే హోమియోపతి మందు ఇచ్చేవాడు. మొగుడూ పెళ్ళాల తగవులు తీర్చేవాడు. వేరొకరి తరఫున ఇంటికి ఉత్తరం రాసేవాడికి తెలియని రహస్యం ఉండదు. ఎవడు డబ్బు పంపుతున్నాడో, ఎవడు మానేశాడో, ఎవరి భార్య ఎదురు చూస్తున్నదో, ఎవరు ఇక్కడ రెండో కాపురం పెట్టారో ఆయనకు తెలిసిపోయేది. ఆయనకు అదే పాఠశాల అయింది.

ఆ పేటలోనే ఒక మేస్త్రీ కూతురు శాంతిని ఆయన వివాహమాడాడు. తండ్రి ఆమెను ఒక తాగుబోతుకు కట్టబెట్టబోగా ఆమె శరత్ శరణు కోరిందని చెబుతారు. వారికి కొడుకు పుట్టాడు. ఆ సుఖం ఎంతోకాలం నిలవలేదు. ప్లేగు మహమ్మారి భార్యనూ, పసివాణ్ణీ ఇద్దరినీ తీసుకుపోయింది. కొన్నాళ్ళకు మోక్షద అనే బీద పిల్లను పెళ్ళాడి, ఆమెకు హిరణ్మయి అని పేరు పెట్టుకున్నాడు. ఆమె చివరిదాకా ఆయన తోడుగా ఉన్నది.

1912లో ఆయన ఉన్న కొయ్య ఇల్లు కాలిపోయింది. కష్టపడి కూర్చుకున్న పుస్తకాలు, స్వయంగా వేసిన చిత్రాలు, చరిత్రహీన్ నవల రాతప్రతి, అన్నీ బూడిదయ్యాయి. తండ్రి వలె వదిలేసి ఉంటే ఆ నవల మనకు దక్కేది కాదు. కాని కొడుకు ఆ విషయంలో తండ్రి బాట పట్టలేదు. మళ్ళీ కూర్చుని మొదటి నుండి రాశాడు.

ఇంతలో స్వదేశంలో ఒక చిత్రం జరిగింది. భాగల్పూరులో వదిలివచ్చిన బడదీదీ అనే కథను స్నేహితులు 1907లో భారతి పత్రికలో అచ్చు వేయించారు, ఆయనకు చెప్పకుండానే. పేరు లేకుండా వచ్చిన మొదటి భాగాలు చూసి ఇది రవీంద్రుని రచనే అనుకున్నారు పాఠకులు. 1913 నుండి జమున పత్రికలో శరత్ కథలు వరుసగా వెలువడ్డాయి. కలకత్తాలో ఇంటింటా ఆయన పేరు మోగుతుంటే, ఆయన రంగంలో లెడ్జర్ల ముందు కూర్చుని అంకెలు కూడుకుంటున్నాడు. స్త్రీ విలువను గురించి ఆ ఏడే ఒక పెద్ద వ్యాసం రాసి, అక్కగారైన అనిలాదేవి పేరుతో అచ్చు వేయించాడు. చరిత్రహీన్‌ను మాత్రం ఒక ప్రముఖ పత్రిక తిప్పికొట్టింది. మెస్సులో పనిమనిషిగా ఉన్న సావిత్రిని నవలలో అంత ఎత్తున నిలబెట్టడం వారికి అనీతిగా తోచింది. ఆరోగ్యం చెడి, 1916లో ఉద్యోగం వదిలి ఆయన బంగాళానికి తిరిగి వచ్చాడు. నెలకు వంద రూపాయలు ఇస్తామన్న ప్రచురణకర్త భరోసాయే ఆయనకు ఆధారం. 1917లో దేవదాసు, చరిత్రహీన్, శ్రీకాంత్ మొదటి భాగం మూడూ పుస్తకాలుగా వెలువడ్డాయి.

శరత్ బాబును ప్రేమకథల రచయిత అంటారు. ఆ మాట నిజమే గాని, ఆయన ప్రేమకథలలో పెళ్ళిపందిళ్ళు తక్కువ. ఆయన చూపు ఎప్పుడూ వెనుక మిగిలిపోయిన మనిషి మీద ఉంటుంది. ఇందుకు నిదర్శనం శ్రీకాంత్ రెండవ భాగం. అందులో అభయ అనే స్త్రీ ఉత్తరాలు మానేసిన భర్తను వెదుక్కుంటూ బర్మాకు వస్తుంది. అతడు అక్కడ మరో కాపురం పెట్టుకుని ఉన్నాడు. వెళితే బెత్తంతో కొట్టి తరిమాడు. చివరికి ఆమె తనను ప్రేమించే రోహిణితో కలిసి బ్రతకడానికి నిశ్చయించుకుంటుంది. లోకం ఆమెను ఏమన్నా సరే, ప్లేగు రోజులలో జ్వరంతో తన గుమ్మానికి వచ్చిన శ్రీకాంత్‌ను లోపలికి తీసుకుని సేవ చేసినది ఆమే. ఎవరు పతివ్రత, ఎవరు పతిత అన్న ప్రశ్నను శరత్ మన ముందు అలా వదిలిపెడతాడు.

అదే నవలలో ఇంకొక దృశ్యం ఉంది. ఒక బంగాళీ యువకుడు తనను నమ్మి పోషించిన బర్మా భార్యను వదిలి స్వదేశానికి ఓడ ఎక్కుతాడు. త్వరలోనే వస్తానని ఆమెకు చెబుతూ, ఆమెకు తెలియని తన భాషలో ఆమెనే వెక్కిరిస్తూ, ఆమె వేలికున్న కెంపు ఉంగరం కూడా ఊడబెరుక్కుంటాడు. పక్కనున్నవారు నవ్వుతారు. ఆ అమాయకురాలు రేవులో కుప్పకూలి ఏడుస్తుంది. సముద్రం దాటినవారి కథను శరత్ ఇరుపక్కల నుండీ చూశాడు. స్వదేశంలో ఎదురుచూసే భార్యా ఉన్నది, పరాయి రేవులో మోసపోయిన భార్యా ఉన్నది.

మనవంటి కుటుంబాలు ఈ పుటలను తేలికగా దాటిపోలేవు. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి కంగాణీల వెంట వచ్చిన మగవారిలో అందరూ తిరిగి వెళ్ళలేదు, అందరూ ఉత్తరాలు రాయలేదు. మన వంశవృక్షాలలో వచ్చిన వారి పేర్లు ఉంటాయి, అక్కడ మిగిలిపోయిన వారి పేర్లు తరచు ఉండవు. తోటలలో కష్టపడి మనకు ఈ జీవితాన్ని ఇచ్చిన పెద్దలను మనం పూజిస్తాము, పూజించవలసిందే. వారు వెళ్ళిన ఓడ వైపు చూస్తూ ఒడ్డున నిలబడిపోయిన ఆడవారిని తలచుకొమ్మని శరత్ సాహిత్యం మనకు గుర్తు చేస్తుంది.

బర్మా నేపథ్యంలోనే ఆయన రాసిన పథేర్ దాబీ 1926లో పుస్తకంగా వచ్చింది. విప్లవకారుల కథ కావడంతో 1927లో ఆంగ్ల ప్రభుత్వం దానిని నిషేధించింది. 1939లో నిషేధం తొలగేనాటికి ఆయన జీవించి లేడు.

ఇక దేవదాసు సంగతి. విచిత్రమేమంటే, ఆ నవలను అచ్చు వేయడం శరత్‌కు చాలాకాలం ఇష్టం లేకపోయింది. పడుచుతనంలో, మద్యం మైకంలో రాసిన బలహీనమైన రచన అని ఆయన భావించాడు. లోకం మాత్రం దానినే నెత్తిన పెట్టుకున్నది. మనం దేవదాసు కోసం కన్నీరు పెట్టుకుంటాము. కాని అర్ధరాత్రి ధైర్యంగా అతని గదికి వెళ్ళి తన మనసు చెప్పిన పార్వతినీ, అతని కోసం తన వృత్తినే వదులుకున్న చంద్రముఖినీ చూస్తే, ఆ కథలో బలం ఎవరిదో తెలుస్తుంది.

శరత్‌ను తెలుగువాణ్ణి చేసిన పుణ్యం అనువాదకులది. తెనాలికి చెందిన చక్రపాణిగారు (1908–1975) క్షయవ్యాధి చికిత్సకై మదనపల్లె శానటోరియంలో ఉన్న రోజులలో బెంగాలీ నేర్చుకున్నారు. విజయా సంస్థనూ, చందమామనూ నడిపిన ఆ చక్రపాణిగారే శరత్ నవలలను జాతీయమైన తెలుగులో దించారు. బొందలపాటి శివరామకృష్ణగారు కూడా ఎంతో కృషి చేశారు. శరత్ తెలుగు రచయితే అని నమ్మిన పాఠకులు ఉండేవారంటే ఆ అనువాదాల గొప్పతనం ఊహించుకోవచ్చు. వెండితెర మీద కూడా దేవదాసు ఒక్కటే కాదు. 1957లో వచ్చిన తోడికోడళ్ళు ఆయన నిష్కృతి నుండి, 1961లో వచ్చిన బాటసారి బడదీదీ నుండి, అదే ఏడు వచ్చిన వాగ్దానం దత్త నుండి రూపుదిద్దుకున్నవే.

చివరి సంవత్సరాలలో శరత్ బాబు రూపనారాయణ నది ఒడ్డున సామతా గ్రామంలో ఇల్లు కట్టుకున్నాడు. ఇన్నాళ్ళు ఇల్లు లేక తిరిగినవాడికి నీటి పక్కనే నీడ దొరికింది. 1936లో ఢాకా విశ్వవిద్యాలయం డాక్టరేటుతో గౌరవించింది. 1938 జనవరి 16న, అరవై ఒక్క ఏళ్ళ వయసులో, కలకత్తాలో కాలేయ క్యాన్సరుతో కన్నుమూశాడు.

మన పిల్లలకు శరత్ నవల ఒకటి తెలుగులోనే చదివి వినిపించండని పెద్దలను కోరుతున్నాము. లిపి రాని పిల్లలకు కూడా చెవులున్నవి. అభయ కథ దగ్గర కాసేపు పుస్తకం మూసి, మన ఇంటి నుండి మొదట ఓడ ఎక్కినది ఎవరో, రేవు దాకా వచ్చి వెనుదిరిగినది ఎవరో, వారి పేర్లేమిటో చెప్పండి. పేరు తెలియకపోతే ఇంట్లో అందరికన్నా పెద్దవారిని అడిగి, ఎక్కడైనా రాసి ఉంచండి.