మూసిన అడవికి ఎదురు నిలిచిన కొమురం భీం

ఆసిఫాబాద్: తాత ముత్తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చేను ఒకనాడు సర్కారు అడవిగా మారిపోతే ఆ రైతు ఏమి చేయాలి? గొడ్డలి భుజాన వేసుకుని కట్టెకు వెళ్లినా, పశువులను మేతకు తోలినా, విల్లు పట్టి వేటకు పోయినా నేరస్థుడే అయితే ఎవరికి మొర పెట్టుకోవాలి? ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఆసిఫాబాద్ కొండల్లోని గోండులకు, కోలాములకు ఎదురైన ప్రశ్నలివి. వీటికి జవాబు వెతుకుతూ మొదట అర్జీ పట్టి, ఆ పిమ్మట ఆయుధం పట్టి, 1940లో జోడేఘాట్ గుట్టపై ప్రాణాలు విడిచిన వీరుడు కొమురం భీం.

సంకేపల్లి నుంచి అస్సాం దాకా...

భీం 1901లో ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకేపల్లిలో గోండు కుటుంబంలో జన్మించినట్లు చెబుతారు. ఆయన బాల్యానికి సంబంధించి కాగితపు ఆధారాలు స్వల్పం. గూడేల పెద్దల నోట నిలిచిన కథనమే ముఖ్య ఆధారం. దాని ప్రకారం భీంకు సుమారు పదిహేనేళ్ల వయసులో, అటవీ సిబ్బందితో తలెత్తిన వైరంలో తండ్రి చిన్నూ మరణించాడు. కుటుంబం సుర్దాపూర్‌కు తరలి వెళ్లి కొత్తగా పొలం చేసుకుంది. పంట చేతికి వచ్చే వేళకు ఆ భూమి తనదంటూ సిద్దిక్ అనే జాగీర్దారు వచ్చి నిలిచాడు. ఆ ఘర్షణలో భీం చేతిలో సిద్దిక్ హతుడయ్యాడు. అప్పుడు పరారైన యువకుడు అస్సాం తేయాకు తోటల్లో కూలీగా తేలాడు. అక్షరాలు నేర్చినదీ, పాలకులతో ఎలా మాట్లాడాలో తెలుసుకున్నదీ ఆ ప్రవాసంలోనేనని అంటారు. సుమారు ఐదేళ్ల తరువాత తిరిగి వచ్చి కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ వద్ద పనికి కుదిరాడు. పటేల్ భూ తగాదాను పరిష్కరించడంలో ఆయన చూపిన నేర్పు చుట్టుపక్కల గూడేల్లో పేరు తెచ్చింది. సోంబాయిని వివాహమాడి, అనంతరం బాబేఝరికి చేరుకున్నాడు.

బీడు పెట్టిన చేనే అడవి

భీం పోరాటాన్ని అర్థం చేసుకోవాలంటే గోండుల వ్యవసాయ పద్ధతిని తెలుసుకోవాలి. గుట్టల మీది తేలిక నేలలు ఏటేటా పంటనివ్వవు. అందుకే కొన్నేళ్లు దున్ని, కొన్నేళ్లు బీడుగా వదిలి, నేల కోలుకున్నాక మళ్లీ అక్కడికే వచ్చేవారు. హైదరాబాదు సంస్థానం అడవులకు హద్దులు గీసి రిజర్వు చేయడం మొదలుపెట్టినప్పుడు, పొదలు మొలిచిన ఆ బీళ్లన్నీ అధికారుల కంటికి అడవిగానే కనిపించాయి. అవి హద్దు లోపలికి పోయాయి. తిరిగి దున్నబోయిన వాడు ఆక్రమణదారు అయ్యాడు. పట్టా అనే మాటే ఎరుగని వారి వద్ద చూపించుకోవడానికి కాగితం ఎక్కడిది?

మిగిలిన దానికీ సుంకమే. పశువుల మేతకు, వంట కట్టెలకు బంబ్రాం, దూపపెట్టి అనే పేర్లతో శిస్తులు వసూలు చేసేవారు. ఇవి గాక కింది ఉద్యోగులకు ముట్టజెప్పవలసిన మామూళ్లు వేరు. అదే సంస్థానంలో పెద్దపులి వేట ప్రభువులకు, వారి అతిథులకు వేడుక. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులి వేటలో పేరు మోసినవాడు. అడవిలో పుట్టినవానికి లేని ప్రవేశం దూరం నుంచి డేరాలతో వచ్చినవారికి ఉండేదన్నమాట.

బయటివారి రాక మరో ముప్పుగా పరిణమించింది. 1929 నాటికి కాజీపేట-బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. బాటలు పడ్డాయి. నల్లరేగడి భూములపై మైదాన ప్రాంత రైతుల, వ్యాపారుల దృష్టి పడింది. కచేరీ భాష తెలిసిన వారు పట్టాలు చేయించుకోగా, ఆ భూములనే తరతరాలుగా సాగు చేసిన గోండు తన చేనులోనే కౌలుదారుగా, పాలేరుగా మిగిలాడు. అడవి నుంచి ఆదివాసిని వెళ్లగొట్టడంలో చూపిన కాఠిన్యం, ఆదివాసి భూమిలోకి బయటివారు రాకుండా ఆపడంలో సర్కారు చూపలేదు. భీం తిరుగుబాటుకు మూలం ఇక్కడే ఉంది.

పన్నెండు గూడేల పోరు

బాబేఝరి పరిసరాల్లో అడవి నరికి సాగు చేసుకున్న గోండులు, కోలాములు ఖాళీ చేయాలని ఆదేశాలు వచ్చాయి. అటవీ సిబ్బంది గుడిసెలు తగులబెట్టారు, పంటలు పాడు చేశారు. అధికారులకు మొర పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. భీం హైదరాబాదు వెళ్లి నిజాం ప్రభువును కలుసుకోవాలని ప్రయత్నించి, దర్శనం దొరక్క నిరాశతో తిరిగి వచ్చాడని గూడేల కథనం. అటు తరువాత జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి, శివగూడ, లైన్‌పటార్ తదితర పన్నెండు గూడేలను ఒక్కతాటిపైకి తెచ్చి గెరిల్లా దళాన్ని కూర్చాడు. నీరు, అడవి, భూమి ఆ గూడేలకే చెందాలన్నది వారి కోరిక. జల్, జంగల్, జమీన్ అన్న నినాదం ఆయన పేరుతో ముడిపడినది అందుకే.

పట్టాలిస్తాం, ఆయుధాలు వదలమని అధికారులు రాయబారం నడిపారనీ, పన్నెండు గూడేలపై అధికారం తప్ప మరేదీ అక్కర లేదని భీం తోసిపుచ్చాడనీ చెబుతారు. చర్చలు విఫలమయ్యాయి. కుర్దు పటేల్ అనే వ్యక్తి ఇచ్చిన ఆచూకీతో సాయుధ పోలీసులు జోడేఘాట్ గుట్టను చుట్టుముట్టారు. కాల్పుల్లో భీం, ఆయన అనుచరులు నేలకొరిగారు. పుస్తకాల్లో తేదీలు ఒకదానితో ఒకటి కలవవు గానీ, ఆదివాసులకు మాత్రం అది ఆశ్వయుజ పౌర్ణమి. ఆ తిథి నాడే జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుకొంటారు.

మరణానంతరం వచ్చిన చట్టాలు

తిరుగుబాటు అణగినా సర్కారుకు భయం తీరలేదు. గోండుల స్థితిగతులను పరిశీలించే పని ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. ఆయన మార్లవాయిలో మకాం వేసి, భూమి పోవడమే అశాంతికి కారణమని తేల్చారు. 1940 దశకంలో సుమారు 1,60,000 ఎకరాలకు ఆదివాసుల పేర పట్టాలు ఇచ్చారు. 1946లో గిరిజన ప్రాంతాల నిబంధనలు వెలువడ్డాయి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన 1959లో రాగా, 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970 నాటి సవరణ దానికి పదును పెట్టింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు మరొక గిరిజనేతరుని వద్ద సైతం భూమి కొనరాదు. గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న భూమి, వేరుగా రుజువయ్యే దాకా, గిరిజనుని నుంచి వచ్చినదిగానే పరిగణించాలి. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. భీం బతికి ఉండగా లేని అడ్డుగోడ ఆయన పోయిన ముప్పై ఏళ్లకు కాగితంపై నిలిచింది.

అమలు మాట వేరు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి హక్కుల కోసం కూడిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు. అడవిలో సాగు చేసుకుంటున్న వారికి హక్కు పత్రాలిచ్చే చట్టం 2006లో గానీ రాలేదు. ఈ నడుమ సాహు, అల్లం రాజయ్య రాసిన కొమురం భీం నవల ఆయన కథను కొండలు దాటించింది. 2016లో ఆసిఫాబాద్ కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం కవ్వాల్, తాడోబా పులుల అభయారణ్యాల మధ్య నడవాను కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. దానికీ కుమురం భీం పేరే పెట్టింది. అడవిలోకి తమ రాకపోకలు, పోడు సాగు ఏమవుతాయోనని ఆదివాసులు ఆందోళనకు దిగారు. జులైలో ఆ ఉత్తర్వును ప్రభుత్వం నిలుపుదల చేసింది.