రంగు పూయక జీవకణాన్ని చూపిన ఫ్రిట్స్ జెర్నికె

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఉల్లిపొరను గాజుపలకపై పరచి, అయోడిన్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూచిన జ్ఞాపకం మనలో పలువురికి ఉంటుంది. ఆ చుక్క వేయనిదే ఏమంత స్పష్టంగా కనిపించేది కాదు. కణం దాదాపు నీటివలె పారదర్శకమైనది. రంగు పూస్తే దాని లోపలి భాగాలు తేటపడతాయి, కాని ఆ ప్రక్రియలో కణం తరచు మరణిస్తుంది. జీవాన్ని తెలుసుకొనబోయి శాస్త్రజ్ఞులు శవాన్ని పరీక్షించవలసి వచ్చేది. ఈ చిక్కును విప్పినవారు జీవశాస్త్రజ్ఞులు కారు. హాలెండుకు చెందిన భౌతికశాస్త్ర ఆచార్యులు ఫ్రిట్స్ జెర్నికె.

ఆయన 1888 జూలై 16న ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులిరువురూ గణితోపాధ్యాయులే. బాల్యంలో చేతిఖర్చు డబ్బుతో గాజుగొట్టాలు, మూసలు కొని ప్రయోగాలు చేసేవారు. వర్ణఛాయాచిత్రాలకు కావలసిన ఈథర్ కొనే స్తోమత లేక తానే తయారు చేసుకొన్నారు. పాత గ్రామఫోను యంత్రాన్ని అమర్చి చిన్న ఖగోళశాలను నిర్మించి, తోకచుక్కను ఫొటో తీశారు. 1913లో గ్రోనింగెన్ చేరి, 1920లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు.

1930 ప్రాంతంలో ఆయన డిఫ్రాక్షన్ గ్రేటింగ్ అనే సన్నని గీతల అద్దాన్ని పరీక్షిస్తున్నారు. దూరం నుండి చూస్తే దానిపై చారలు కనిపించాయి. చిన్న దూరదర్శినిని సరిగ్గా ఆ అద్దం మీదికే సారించగా చారలు మాయమైనాయి! మరొకరైతే పరికరాన్ని తప్పుపట్టి ఊరుకొనేవారేమో. జెర్నికె మాత్రం కాంతి తరంగాల రాకలోని ముందువెనుకలే ఇందుకు కారణమని గ్రహించారు.

జీవకణం విషయమూ అంతే. దాని గుండా వచ్చే కాంతి తగ్గదు, కొంచెం ఆలస్యమవుతుంది. మన కన్ను వెలుగును, రంగును గుర్తిస్తుందే గాని ఆలస్యాన్ని గుర్తించలేదు. జెర్నికె దీపకాంతిని ఉంగరపు ఆకారంలో పంపి, వస్తుకటకంలో అదే ఆకారపు గాడి గల గాజుబిళ్ళను అమర్చారు. కణాన్ని తాకి చెదరిన కాంతి చాలావరకు గాడిని తప్పించుకొని పోతుంది. చెదరని కాంతి మాత్రం గాడిలో పడి పావు తరంగం మేర జరుగుతుంది. ఆ రెండూ కలిసినపుడు కనిపించని ఆలస్యం చీకటి వెలుగుల తేడాగా మారుతుంది. పట్టపగలు నక్షత్రాలు కనబడనట్లే, నేరుగా వచ్చే ప్రకాశంలో చెదరిన మసక వెలుగు మరుగున పడుతుంది. అందుచేత గాడికి కాంతిని పీల్చుకొనే పూత వేసి ఆ ప్రకాశాన్ని తగ్గించారు. చిత్రం ఎంతో స్పష్టపడింది. కణం అంచు చుట్టూ ఒక కాంతివలయం మిగిలిపోతుంది, ఈ పద్ధతికి అదొక లోపం.

1932లో ఆయన ఈ పద్ధతిని జర్మనీలోని యేనాలో, సూక్ష్మదర్శినుల తయారీలో జగత్ప్రసిద్ధమైన జైస్ సంస్థకు తీసికొని వెళ్ళారు. అంత పనికివచ్చేదే అయితే తామే ఏనాడో కనిపెట్టి ఉండేవారమన్న ధోరణిలో అక్కడి నిపుణులు తేలికగా తీసివేశారు. నేర్చినవారి గర్వం ఒక్కొక్కప్పుడు నేర్వనివారి అజ్ఞానం కన్న ఎక్కువ ఆలస్యం తెస్తుంది. 1941లో యుద్ధానికి ఉపకరించే ఆవిష్కరణలకై జర్మన్ సైన్యం వెతికినపుడు గాని ఆ పరికరాల తయారీ మొదలు కాలేదు. కణం రెండుగా చీలిపోయే దృశ్యాన్ని 1943లో అక్కడే ఈ పద్ధతిలో చలనచిత్రంగా తీశారు. రంగు పూసిన కణంలో చూడ వీలుకాని కదలిక అది.

1953లో జెర్నికెకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆయన 1966 మార్చి 10న ఆమెర్స్‌ఫోర్ట్ పట్టణంలో మరణించారు. కణాలను గాజుపాత్రలలో పెంచే ప్రయోగశాలల్లో, అవి ఆరోగ్యంగా ఉన్నవో లేవో చూచుకొనడానికి నేటికీ ఆయన పద్ధతినే వాడుతున్నారు.